తివాచీ మీద మరక పడితే: కార్పెట్ మెషిన్ వాడేవారు చేయవలసినవి, చేయకూడనివి

కార్పెట్ కడిగే మెషిన్ ఇంటికి రాగానే చాలామంది చేసే పని ఒకటే. ట్యాంకు నిండా వేడినీళ్ళు పోసి, షాంపూ ఒక మూత ఎక్కువే వేసి, కుక్క పాడుచేసిన చోట ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటారు. ఎంత తడిస్తే అంత శుభ్రమని నమ్మకం. నిజానికి ఈ మెషిన్ సత్తా అంతా వదిలిన నీటిని తిరిగి లాగడంలో ఉంది. కార్పెట్‌లో మిగిలిపోయిన నీరే తర్వాత బూజు పట్టిస్తుంది, ముక్కిన వాసన తెస్తుంది, పోయిందనుకున్న మరకను మళ్ళీ పైకి లేపుతుంది. ప్లగ్గు దాకా పాకితే షాక్ కొడుతుంది. కింద చెప్పబోయే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఈ మిగులు నీటి గురించే.

అమెరికాలో అద్దె అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్ళకు ఇది రోజువారీ సంగతి. పడకగదుల్లో గోడ నుంచి గోడ దాకా కార్పెట్ అతికించి ఉంటుంది. ఎత్తి దులిపే వీలు లేదు, డాబా మీద ఆరేసే వీలు అంతకన్నా లేదు. ఇల్లు ఖాళీ చేసే రోజు దగ్గరపడితే డిపాజిట్ సొమ్ము గుర్తొచ్చి, సూపర్‌మార్కెట్‌లో మెషిన్ ఒకరోజు అద్దెకు తెచ్చుకుంటారు. ఇక్కడ హైదరాబాద్‌లో, బెజవాడలో, విశాఖలో అయితే హాల్లో ఒక పెద్ద రగ్గు, గుడ్డ సోఫా, ఇంట్లో ఒక లాబ్రడారో పిల్లో, చేత్తో పట్టుకునే చిన్న స్పాట్ క్లీనరో ఉంటాయి. రెండుచోట్లా పాటించవలసిన జాగ్రత్తలు దాదాపు ఒకటే. కరెంటు విషయంలోనే కొంత తేడా.

మెషిన్ లోపల జరిగేది

1876లో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో మెల్విల్ బిస్సెల్ పేటెంట్ తీసుకున్న కార్పెట్ స్వీపర్‌లో నీళ్ళూ లేవు, కరెంటూ లేదు. తోస్తే చక్రాలతోపాటు బ్రష్ తిరిగి చెత్తను పెట్టెలోకి ఎగదోసేది, అంతే. ఇప్పటి మెషిన్లలో ఆ రెండూ ఒకే ప్లాస్టిక్ ఒంట్లో, ఒకదానికొకటి జానెడు దూరంలో ఉంటున్నాయి. భద్రత గురించి ఇంత చెప్పవలసి రావడం అందుకే.

ఒక ట్యాంకులో ద్రావణం కలిపిన నీళ్ళు ఉంటాయి. పంపు ఆ నీటిని కార్పెట్ మీద సన్నగా చిమ్ముతుంది. కింద తిరిగే బ్రష్ పోగుల మధ్య ఇరుక్కున్న జిడ్డును, మట్టిని కదిలిస్తుంది. వెంటనే మెషిన్ మూతి ఆ మురికినీటిని పీల్చి రెండో ట్యాంకులో పడేస్తుంది. మూతి దగ్గర అద్దంలా కనబడే ప్లాస్టిక్ భాగం ఉంటుంది. పని జరుగుతున్నంతసేపూ మీ కళ్ళు అక్కడే ఉండాలి. ట్రిగ్గర్ నొక్కి వెనక్కి లాగిన మొదటిసారి అందులో బూడిదరంగు నీరు, నురగ, నాలుగు కుక్క వెంట్రుకలు కలిసి పైకి ఎగబాకుతాయి. ట్రిగ్గర్ వదిలేసి అదే దారిలో మళ్ళీ లాగితే నీరు సన్నబడి చారలవుతుంది. ఇంకోసారి లాగితే విడివిడి చుక్కలు. ఆ చుక్కలు కూడా కదలడం మానేదాకా పొడిగా లాగుతూనే ఉండాలి. తడిపేది ఒకసారైతే పొడిగా లాగేది కనీసం రెండుసార్లు. ఓపిక చూపవలసింది ఇక్కడే.

మరో మాట. చాలామంది ఈ మెషిన్లను స్టీమ్ క్లీనర్లంటారు. ఇంటి కార్పెట్ మెషిన్ ఆవిరిని పుట్టించదు, వేడినీటితోనే పనిచేస్తుంది. ఆవిరి చిమ్మే క్లీనర్లు వేరే జాతి, వాటి ప్రమాదం కూడా వేరు. 2024 జులైలో అమెరికాలో చేత్తో పట్టుకునే ఆవిరి క్లీనర్లను సుమారు 32 లక్షలు వెనక్కి పిలిపించారు. వాడుతుండగా వేడినీరో ఆవిరో ఎగజిమ్మి మనుషులు కాలారన్న ఫిర్యాదులే అందుకు కారణం. మీ దగ్గరున్నది ఏ రకమో పెట్టె మీద చూసుకోండి. మూత్రం మరక మీదికి ఆవిరి క్లీనర్ తేనే వద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

చేయకండి: కార్పెట్ మెషిన్ ట్యాంకులో మరిగిన నీళ్ళు పోయకండి. ఎక్కువ మోడళ్ళకు కుళాయిలో వచ్చే వేడినీరు చాలు, 60 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వరు. మరిగే నీటికి ట్యాంకు వంగిపోతుంది, రబ్బరు వాషర్లు వదులవుతాయి, మూత ఊడి కాళ్ళ మీద పడుతుంది.

కరెంటు దగ్గర

నీళ్ళు మోసే మెషిన్‌ను తడి నేల మీద, చాలాసార్లు చెప్పుల్లేని కాళ్ళతో నడిపిస్తున్నారు. ఇది మరిచిపోవద్దు.

చేయండి: ఇంట్లో ఆర్‌సీసీబీ ఉందో లేదో మెయిన్ బోర్డు దగ్గర చూడండి. ఇళ్ళలో సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. కరెంటు దారి తప్పి మనిషి ఒంట్లోంచో నీటిలోంచో భూమిలోకి పోతున్నప్పుడు సరఫరాను టక్కున ఆపేది అదే. దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే పడిపోవాలి. పడకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాకే మెషిన్ ముట్టుకోండి. అమెరికా ఇళ్ళలో బాత్రూమ్, కిచెన్ సాకెట్ల మీద టెస్ట్, రీసెట్ అని రెండు బుల్లి బటన్లు కనబడతాయి. అవి 5 మిల్లీ ఆంపియర్లకే తెగే రకం. వైరు అందితే మెషిన్‌ను అలాంటి సాకెట్‌కే పెట్టండి.

చేయకండి: సన్న వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సును కార్పెట్ మీద పెట్టి అందులో మెషిన్ ప్లగ్గు గుచ్చకండి. నీళ్ళు వేడిచేసే హీటరున్న మెషిన్ దాదాపు ఇస్త్రీపెట్టె అంత కరెంటు లాగుతుంది. సన్న వైరు వేడెక్కుతుంది, బాక్సు కిందకి తడి పాకుతుంది. గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్ దాకా వైరు అందకపోతే ఆ గదిలో పని ఇంకోలా చూసుకోవాలి. వైరును కార్పెట్ కిందుగా పోనివ్వడం, తలుపు సందులో నలగనివ్వడం కూడా వద్దు.

అమెరికా నుంచి సామాన్లతో వచ్చేసేవాళ్ళు ఇష్టంగా కొనుక్కున్న మెషిన్‌ను కూడా సర్దుకొస్తుంటారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. ప్లగ్గు అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజీని తగ్గించదు. అడాప్టర్ పెట్టి స్విచ్ వేస్తే మోటారు కాలిపోతుంది, మంటలూ రావచ్చు. ఫోన్ చార్జర్ నడిచింది కదా అని ఇదీ నడుస్తుందనుకోవద్దు. చార్జర్లు రెండు వోల్టేజీలకూ చేసినవి.

బ్రష్‌కి జుట్టు చుట్టుకుంటే స్విచ్ ఆపడం చాలదు, గోడ దగ్గర ప్లగ్గు పీకాకే చెయ్యి పెట్టండి. తిరుగుతున్న బ్రష్‌కి చీరకొంగు, చున్నీ, పిల్లల వేళ్ళు, కుక్క తోక ఏదైనా ఒకటే. మెషిన్ మోతకు కొన్ని కుక్కలు దాని మీదికి దూకుతాయి, మూతిని కరుస్తాయి. పని అయ్యేదాకా కుక్కను, పిల్లిని వేరే గదిలో పెట్టి తలుపు వేయండి.

మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో తడిని ఎప్పుడూ పీల్చకండి. అది పొడి దుమ్ము కోసం చేసింది. దాని మోటారుకు, పీల్చిన గాలికి మధ్య ఒక గుడ్డ సంచో ఫిల్టరో తప్ప అడ్డు ఉండదు. తడికీ పొడికీ అని రాసి ఉన్నదైతే సరే. ఇక ఏ మెషిన్‌తోనూ పీల్చకూడనివి కిరోసిన్, పెట్రోలు, థిన్నర్, గోళ్ళరంగు తుడిచే ద్రావణం. ఇలాంటి మోటార్లలో లోపల నిప్పురవ్వలు పుడుతుంటాయి. ఆ ఆవిరికి రవ్వ తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మరక తీయడానికని ముందు కిరోసిన్ గుడ్డతో తుడిచి, తర్వాత మెషిన్ పెడదామనుకునేవాళ్ళు ఈ మాట ఇంకోసారి చదవాలి.

మొదలుపెట్టే ముందు

కార్పెట్ వెనక కుట్టిన చీటీ చూడండి. నైలాన్, పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ అయితే మెషిన్ ధాటికి తట్టుకుంటాయి. ఉన్ని అయితే చల్లటి లేదా గోరువెచ్చని నీళ్ళు, ఉన్నికి పనికొస్తుందని రాసి ఉన్న ద్రావణం, తక్కువ తడి. పట్టు, విస్కోస్, ఆర్ట్ సిల్క్, జనపనార రగ్గుల మీద మెషిన్ పెట్టవద్దు. విస్కోస్ తడిస్తే బలం కోల్పోతుంది. ఆరాక పసుపుపచ్చగా, గడ్డకట్టినట్టు అవుతుంది. మళ్ళీ మామూలు కాదు.

ఇంట్లో ఏలూరు ఉన్ని తివాచీ ఉందనుకోండి. చేత్తో ముడి వేసి నేసింది, ఎవరి పెళ్ళికో కొన్నది. దాని మీదికి తిరిగే బ్రష్‌ను తేవద్దు. పొడిగా వెనకవైపు నుంచి దులపడం, మరక పడితే చల్లటి తడిగుడ్డతో అద్దడం, పెద్ద పని అయితే తివాచీలు కడగడం వచ్చినవాళ్ళకు ఇవ్వడం మేలు. వరంగల్ జంపఖానా నూలుది, పోగులు పైకి నిలవని అల్లిక. ముదురు రంగుల జంపఖానా అయితే ఎరుపు తెలుపులోకి దిగే ప్రమాదం ఉంది. దేనికైనా రంగు పరీక్ష ఇది: కనబడని మూల తీసుకుని, వాడబోయే ద్రావణంలో తడిపిన తెల్లగుడ్డను ఒక నిమిషం గట్టిగా అదమండి. గుడ్డకి రంగంటితే అక్కడితో ఆగిపోవాలి.

తర్వాత పొడి వాక్యూమ్. బద్ధకించి వదిలేసేది ఈ పనినే. కార్పెట్‌లో పేరుకునేదాంట్లో పెద్ద వాటా పొడి మట్టి, ఇసుక, చర్మపు పొట్టు, వెంట్రుకలే. వాటి మీద నీళ్ళు పోస్తే బురద అవుతుంది, పోగుల మొదట్లోకి దిగి అక్కడే గట్టిపడుతుంది. ఒకే చోట రెండు దిక్కులా నెమ్మదిగా వాక్యూమ్ చేసి, సంచి ఖాళీ చేశాకే నీళ్ళ మెషిన్ తీయండి. ఇంట్లో గోమార్లు ఉంటే ఇది మరీ అవసరం. గోమారు గుడ్లు, గూళ్ళు కార్పెట్‌లో దాగుంటాయి. వాక్యూమ్ అదురుకు గూళ్ళలోని పురుగులు బయటికొస్తాయి. రెండుమూడు రోజులు గోమార్లు పెరిగినట్టు కనబడితే కంగారు పడి పురుగుల మందు కొట్టవద్దు. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ పిల్లి ప్రాణానికే ముప్పు.

కుక్క, పిల్లి మూత్రం

అన్ని మరకల్లోకీ మొండిది ఇదే. పైన అరచేయంత కనబడే మచ్చ కిందికి దిగేకొద్దీ వెడల్పవుతుంది. పోగులు దాటి వెనకనున్న అట్టలోకి, అది దాటి కింద పరిచిన స్పాంజి పొరలోకి, చెక్కనేల అయితే దాని సందుల్లోకి పోతుంది. అందులో యూరియా ఉంటుంది. సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. ముక్కు మండే ఘాటు అదే. యూరిక్ ఆమ్లం కూడా ఉంటుంది. అది నీటిలో సరిగ్గా కరగదు. సబ్బునీటితో కడిగాక యూరియా పోయినా ఈ స్ఫటికాలు మిగిలిపోతాయి. ఆరినన్నాళ్ళు ఊరుకుంటాయి, వానాకాలం గాలిలో తేమ పెరగ్గానే వాసన మళ్ళీ లేస్తుంది. కుక్క మళ్ళీ అదే చోటికి వచ్చి మూతి పెట్టి చూస్తుంది. ఇది తన చోటేనని దాని ముక్కు చెబుతుంది.

చేయండి: తడి తాజాగా ఉంటే మెషిన్ కోసం పరిగెత్తవద్దు. మందపాటి పాత టవల్ మడత పెట్టి దాని మీద నిలబడండి. మీ బరువుకే చాలావరకు టవల్‌లోకి వస్తుంది. టవల్ మార్చి మళ్ళీ నిలబడండి. తర్వాత చల్లటి మామూలు నీళ్ళు కొద్దిగా పోసి మెషిన్‌తో లాగండి. ఆ తర్వాత ఎంజైమ్ క్లీనర్. మూత్రం ఎంత లోతుకు పోయిందో ఇది కూడా అంత లోతుకు పోవాలి కాబట్టి ఇక్కడ మాత్రం పైపైన చల్లితే లాభం లేదు. సీసా మీద ఎన్ని నిమిషాలు ఆగమన్నారో అన్ని నిమిషాలూ ఆగాలి. ఎంజైములు పనిచేయడానికి టైము కావాలి. ఆ తర్వాత చుక్కలు ఆగేదాకా లాగడం.

ఎంజైమ్‌కు వేడి పడదు. బాగా వేడినీరు దాన్ని చంపేస్తుంది, బ్లీచ్ కూడా అంతే. పైగా మూత్రంలో, వాంతిలో, రక్తంలో మాంసకృత్తులుంటాయి. వేడి తగిలితే అవి గట్టిపడి పోగులను పట్టుకుంటాయి. ఆవిరి క్లీనర్ వద్దన్నది అందుకే. హీటరున్న మెషిన్ అయితే ఈ మరక దగ్గర హీటర్ ఆపేయండి. ఎంజైమ్ క్లీనర్‌ను ట్యాంకులో పోయవచ్చని సీసా మీద గానీ మెషిన్ పుస్తకంలో గానీ లేకపోతే నేరుగా మరక మీదే పోయండి.

చేయకండి: రుద్దకండి. రుద్దితే మరక వెడల్పవుతుంది, పోగులు పీచులేచి ఆ చోటు ఎప్పటికీ మాసినట్టే కనబడుతుంది. మలం, వాంతి లాంటి గట్టి పదార్థం మీద మెషిన్ నడపకండి. ముందు అట్టముక్కతో ఎత్తి, మిగిలింది టిష్యూతో అద్ది తీయాలి. లేకపోతే బ్రష్ దాన్ని మూడడుగుల మేర పూస్తుంది, గొట్టంలోకి పోయి మెషినే వాసన కొడుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడకండి. జంతువు ముక్కుకి అదీ మూత్రంలాగే ఉంటుంది, అక్కడికే మళ్ళీ రమ్మన్నట్టు అవుతుంది.

పాత మరకలు కంటికి కనబడకపోతే రాత్రి లైట్లన్నీ ఆపి అతినీలలోహిత టార్చి వేసి చూడండి. ఎండిన మూత్రం పాలిపోయిన పసుపుపచ్చగా మెరుస్తుంది. అక్కడ సుద్దముక్కతో గీత గీసుకోండి. డిటర్జెంట్ మరకలు కూడా మెరుస్తాయి కాబట్టి వంగి వాసన చూసి ఖాయం చేసుకోవాలి. ఆ టార్చి వెలుగు మీ కళ్ళలోకీ కుక్క కళ్ళలోకీ సూటిగా వేయవద్దు.

మెషిన్ చేయలేనిదీ ఉంది, అది కొన్నరోజే తెలిసి ఉండాలి. నెలల తరబడి ఒకే చోట పోసిన మూత్రం స్పాంజి పొరను పట్టేస్తే పైనుంచి ఏ ఇంటి మెషినూ దాన్ని లాగలేదు. కడిగిన మర్నాడు వాసన తగ్గకపోగా పెరిగిందంటే, లోపల ఎండి ఉన్నదాన్ని మీరు తడిపారని అర్థం. ఇంకా ఇంకా నీళ్ళు పోయడం ఆపండి. కార్పెట్ అంచు ఎత్తించి కింది పొర ఆ మేరకు కోయించి మార్చడమే దారి. అద్దె ఇల్లయితే యజమానికి ముందే చెప్పడం మంచిది. దాచిపెట్టి సుగంధాలు చల్లి ఇస్తే వేసవిలో అదే బయటపడుతుంది, అప్పుడు బిల్లు ఎక్కువ.

ట్యాంకులో పోయకూడనివి, కలపకూడనివి

ప్రాణానికి ముప్పు తెచ్చేది ఈ భాగమే. నెమ్మదిగా చదవండి.

బ్లీచ్, మూత్రం కలవకూడదు. మూత్రం నుంచి పుట్టిన అమ్మోనియాకు బ్లీచ్ తగిలితే క్లోరమైన్ వాయువులు లేస్తాయి. కళ్ళు మండుతాయి, దగ్గు ఆగదు, మూసిన గదిలో ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. బ్లీచ్, వెనిగర్ కలిసినా, బ్లీచ్, బాత్రూమ్ యాసిడ్ కలిసినా క్లోరిన్ వాయువు వస్తుంది. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకే సీసాలో కలిపితే ఘాటైన పెరాసిటిక్ ఆమ్లం తయారవుతుంది. ఒకటి పనిచేయలేదని దాని మీదే ఇంకొకటి పోయడం మన ఇళ్ళలో మామూలు. మందు మార్చాలనుకుంటే మొదటిదాన్ని మామూలు నీళ్ళతో కడిగి, మెషిన్‌తో లాగి, ఆరనిచ్చాకే రెండోది ముట్టండి. కిటికీలు తెరిచే ఉంచండి.

ట్యాంకులో బట్టల సబ్బుపొడి, గిన్నెలు తోమే ద్రవం, తలంటు షాంపూ పోయకండి. నురగ పొంగి మురికి ట్యాంకులో పైదాకా వస్తుంది. నీరు నిండితే పీల్చడం ఆపడానికి అక్కడొక తేలుడు బిరడా ఉంటుంది గానీ నురగ దాని పక్కనుంచి మోటారులోకి దూరిపోతుంది. కార్పెట్‌లో మిగిలిన సబ్బు జిగురులా పనిచేసి పాదాల మట్టిని పట్టుకుంటుంది. కడిగిన పక్షం రోజుల్లోనే మళ్ళీ నల్లబడిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇది. కొలత ఎంతుంటే అంతే వేయండి, చివర్లో ఒక విడత వట్టి నీళ్ళతో కడిగి లాగండి.

ఫినాయిల్ గురించి పిల్లులున్న ఇళ్ళవాళ్ళకు వేరుగా చెప్పాలి. పిల్లి కాలేయానికి ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి చాలా తక్కువ. ఫినాయిల్ తుడిచిన చోట నడిచి, కూర్చుని పాదాలు నాకుతుంది. విషం అలా లోపలికి పోతుంది. టీ ట్రీ ఆయిల్ లాంటి సుగంధ తైలాలు కూడా పిల్లికీ కుక్కకీ మంచివి కావు. మనకు హాయిగా ఉన్న వాసన వాటికీ హాయి అనుకోవద్దు. కార్పెట్ పూర్తిగా ఆరేదాకా జంతువులనూ, పాకే పిల్లలనూ దాని మీదికి రానివ్వకండి.

పసుపు, కుంకుమ, కాఫీ

పేరంటం జరిగిన ఇంట్లో కార్పెట్ మీద పసుపు పడటం మామూలే. చాలా డిటర్జెంట్లు క్షారాలు. పసుపు మరక మీద క్షారద్రావణం పడగానే ఆ చోటు మీ కళ్ళముందే ఇటుకరంగు ఎరుపుకు తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేటప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. అది చూసి భయపడి ఇంకాస్త మందు పోసి గట్టిగా రుద్దేస్తుంటారు. ఆగండి. పొడి పసుపు అయితే తడి తగలనివ్వకుండా ముందు వాక్యూమ్‌తో పీల్చేయాలి. కూర మరక అయితే గట్టిది ఎత్తి, జిడ్డు అద్ది, మరక మీద ఒక్క చుక్క ద్రావణం వేసి చూసి, రంగు తిరగకపోతేనే ముందుకు వెళ్ళండి. మిగిలిన పసుపురంగు ఎండకు దానంతటదే వెలుస్తుంది. ఎత్తగలిగిన రగ్గు అయితే రెండు పూటలు ఎండలో వేస్తే మెషిన్ చేయలేని పని ఎండ చేస్తుంది. కుంకుమ మరక దగ్గర వేడినీరు వద్దు. కాఫీ, టీలకు వెంటనే అద్ది చల్లనీళ్ళతో లాగడం చాలు.

ఆరబెట్టడం

కార్పెట్ 24 నుంచి 48 గంటల్లోపు పూర్తిగా ఆరకపోతే బూజు మొదలవుతుంది. వెనకనున్న అట్ట పొరలు విడిపోవచ్చు, జనపనార వెనకభాగం కుంచించుకుపోయి అంచులు లేస్తాయి, కింద మిగిలిన మురికి ఆరుతున్న నీటితోపాటు పోగుల కొసలకు ఎక్కి మరక తిరిగొస్తుంది. కాబట్టి పనిని పొద్దున్నే మొదలుపెట్టండి. విశాఖ, కాకినాడ ఉక్కలో, హైదరాబాద్ ముసురులో కిటికీలు తెరిస్తే సరిపోదు, బయటి గాలే తడిగా ఉంటుంది. ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి ఫ్యాన్ వేయండి. టేబుల్ ఫ్యాన్ పెడితే దాని వైరూ ప్లగ్గూ తడికి దూరంగా ఉండాలి. హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీపెట్టె, గది హీటరు దగ్గరగా పెట్టి ఆరబెట్టడం మానండి. కృత్రిమ పోగులు కరుగుతాయి, అంటుకుంటాయి కూడా.

సోఫా, మంచం కాళ్ళ కింద ప్లాస్టిక్ ముక్కలో అల్యూమినియం రేకో పెట్టండి. ఇనుప కోళ్ళ తుప్పు, చెక్క రంగు తడి కార్పెట్‌కి ఎక్కితే తీయడం కష్టం. తడి కార్పెట్ మీద నడిచిన కాలితో పక్కనున్న నున్నటి టైల్ మీద అడుగు వేస్తే జారతారు. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఆ అంచున ఒక పాత టవల్ పరచండి. మెట్ల మీది కార్పెట్ కడిగేటప్పుడు మెషిన్‌ను పై మెట్టు మీద నిలబెట్టి కింద నిలుచుని లాగకండి, నీళ్ళ బరువుతో మీద పడుతుంది. అది కింద నేల మీద ఉండాలి, గొట్టమే పైకి రావాలి.

మురికినీరు

రెండో ట్యాంకు నీటిని వంటింటి సింకులో ఒంపకండి, టాయిలెట్‌లో పోసి ఫ్లష్ చేయండి. చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకోవాలి. కుక్క మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు, మలంలో నులిపురుగుల గుడ్లు ఉండవచ్చు. పిల్లి మలం నుంచి టాక్సోప్లాస్మా గర్భిణులకు ప్రమాదం కాబట్టి ఆ ఇంట్లో ఈ పని ఇంకొకరు చేయాలి. ట్యాంకులు, మూతి, బ్రష్ కడిగి మూతలు తెరిచి ఆరబెట్టండి. నీళ్ళతో మూసిపెట్టిన ట్యాంకు వారానికి జిగురు పట్టి, వచ్చేసారి ఆ కంపునే కార్పెట్ మీద చల్లుతుంది.

అద్దె మెషిన్ తెచ్చుకునేవాళ్ళు దుకాణంలోనే బ్రష్ తిప్పి చూడండి. ఇంకొకరి కుక్క వెంట్రుకలు ఉంటే వేరేది అడగండి. వైరు మీద టేపు చుట్టి ఉంటే అసలు తీసుకోవద్దు.

పశువైద్యుడి దగ్గరికి ఎప్పుడు

ఇంట్లో పద్ధతిగా ఉండే కుక్క హఠాత్తుగా కార్పెట్ పాడుచేస్తోందంటే తిట్టకండి, దాని ముక్కును మరకకు రాయకండి. అది నేర్చుకునేది భయం ఒక్కటే, ఆ తర్వాత సోఫా వెనక్కి వెళ్ళి పోస్తుంది. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఇలాగే మొదట కనబడతాయి. కార్పెట్ మీద చుక్క రక్తం కనిపించినా, నీళ్ళు మామూలుకన్నా ఎక్కువ తాగుతున్నా తీసుకెళ్ళండి. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతుంటే అది అత్యవసరం. మూత్రమార్గం మూసుకుపోయి ఉండవచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా అప్పుడే బయల్దేరాలి. వైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఎప్పటినుంచి, రోజుకు ఎన్నిసార్లు, ఎంత పోస్తోందో రాసుకుని వెళ్ళండి.

ఇక మనుషుల సంగతి. ద్రావణం కంట్లో పడితే పావుగంట పాటు ధారగా నీళ్ళతో కడిగి ఆస్పత్రికి వెళ్ళాలి. ఘాటు వాయువు పీల్చినవాళ్ళను వెంటనే బయటి గాలిలోకి తీసుకురండి. మెషిన్ ఆపడానికని లోపలికి మళ్ళీ వెళ్ళకండి. పిల్లలు ద్రావణం తాగితే వాంతి చేయించకండి, ఉప్పునీళ్ళు పట్టించకండి. సీసా చేత్తో పట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. అమెరికాలో అయితే 1-800-222-1222.